చూసినవానికి తెలియదు, తెలిసినవానికి కనపడలేదు
(కర్నూలులో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ సభ ఎవరి జ్ఞాపకంగా జరుగుతున్నదో ఆయన పేరు మీ చేతుల్లో ఉన్న ఆహ్వానపత్రం మీద ఉంది. నేను పలకను. చదువు చెప్పినవారి పేరు నోటితో అనడం మా ఇళ్ళలో లేదు, అయ్యవారు అనే అంటాను. అయ్యవారు బడిలో తెలుగు చెప్పేవారు, ఇంట్లో ఇంగ్లీషు కథలు చదివేవారు. పింగళి సూరన, ఎడ్గార్ అలన్ పో ఆయన పెట్టెలో పక్కపక్కనే ఉండేవారు. ఇద్దరూ మనిషిని కూచోబెట్టి ఊపిరి బిగపట్టించే పని తెలిసినవాళ్ళే అనేవారాయన. భయపెట్టే కథలో ఉత్కంఠ ఎక్కడ పుడుతుంది, కథ చెప్పేవాణ్ణి మనం ఎంతవరకు నమ్మాలి అన్నదే ఈరోజు నేను ఎత్తుకున్న విషయం. పాశ్చాత్యులు గోథిక్ కథ అనే రకంలో ఈ రెంటినీ బాగా సాధించారు. కానీ నేను మొదలుపెట్టేది మన గండి నుంచి.

కడప జిల్లాలో వేంపల్లె దాటి పోతే పాపఘ్ని నది కొండల్ని చీల్చుకుని బయటికొచ్చే చోటు గండి. అక్కడి ఆంజనేయుడి గుడి, శ్రావణమాసపు తిరునాళ్ళు సీమలో తెలియనివాళ్ళు లేరు. లంక నుంచి తిరిగొచ్చే రాముడికి స్వాగతంగా వాయుదేవుడు ఈ కొండకూ ఆ కొండకూ మధ్య బంగారు తోరణం కట్టాడని, అది ఇప్పటికీ ఉందని, మామూలు కళ్ళకు కనపడదని, కాలం దగ్గరపడిన పుణ్యాత్ములకు మాత్రమే కనిపిస్తుందని స్థలపురాణం.

సర్ థామస్ మన్రో గుర్రం మీద ఆ గండిలో పోతూ తలెత్తి చూశాడట. లోయకు అడ్డంగా ఎంత అందమైన తోరణం కట్టారు అన్నాడట. వెంట ఉన్నవాళ్ళు చూస్తే ఏమీ లేదు. అదుగో, బంగారంతో చేసినట్టుంది కదా అని మళ్ళీ అన్నాడట. మళ్ళీ ఎవరికీ ఏమీ కనపడలేదు. నౌకర్లలో ఒక ముసలాయన మాత్రం, అయ్యో, ఒక గొప్ప మంచి మనిషి తొందరలోనే పోబోతున్నాడు అన్నాడట. 1827 జూలై 6న, మద్రాసు గవర్నరు హోదాలో దత్తమండలాలకు వీడ్కోలు చెప్పడానికి వచ్చిన మన్రో, ఇదే కర్నూలు జిల్లా పత్తికొండలో కలరా తగిలి చనిపోయాడు. కథ మొదలైంది కడప జిల్లాలో, ముగిసింది కర్నూలు జిల్లాలో. దీన్ని అచ్చులో పెట్టిన జె.డి.బి. గ్రిబుల్ కడప జిల్లా మాన్యువల్ 1875లో వచ్చింది. అంటే దొర పోయిన 48 ఏళ్ళకు.

ఈ చిన్న కథను కొంచెం విప్పి చూద్దాం. ఇందులో మనుషులు ముగ్గురు. మన్రో తోరణాన్ని చూశాడు, అదేమిటో ఆయనకు తెలియదు, ఎవరో ఉత్సవానికి కట్టారనుకున్నాడు. ముసలి నౌకరుకు దాని అర్థం తెలుసు, కానీ తోరణం కనపడలేదు. రాసిన గ్రిబుల్ అక్కడ లేనే లేడు. చూసినవానికి తెలియదు, తెలిసినవానికి కనపడలేదు, రాసినవాడు రెండూ ఎరగడు. ముగ్గురి చేతుల్లోని ముక్కలు ఒకచోట చేరేది పాఠకుడి దగ్గరే. గుర్రం మీద నవ్వుతూ పోయే మనిషికి తెలియనిది మనకు తెలిసిపోయింది. ఇక ఆయన గురించి ఏ మామూలు సంగతి చదివినా, గుత్తి చేరాడన్నా, పత్తికొండలో దిగాడన్నా మనకు దిగులు పడుతుంది. ఉత్కంఠ అంటే ఇదే. ముసలాయన మాటను మన్రో చనిపోయాక చెప్పించి ఉంటే అది ఏడుపు మాట అయ్యేది. తోరణం కనపడకముందే చెప్పించి ఉంటే పురాణం అయ్యేది. చూడడానికీ చావుకూ మధ్యన పెట్టారు గనుక కథ అయ్యింది.

నమ్మకం సంగతి ఇంకా చిత్రం. ఈ జోస్యం నిజమని తేల్చింది కలరా. మన్రో బతికి ఇంగ్లండు వెళ్ళి మనవల్ని ఆడించుకుంటూ ఉండి ఉంటే, ముసలాయన మాట ఎవరికి గుర్తుండేది? ముగింపు తెలిసినవాళ్ళు వెనక్కి తిరిగి మొదలును తయారు చేసుకుంటారు. అది అబద్ధమని నేను అనడం లేదు. ఇష్టమైన దొర హఠాత్తుగా పోయాడు, జనానికి కారణం కావాలి, కలరా అన్నది చాలలేదు. ఆయన మీద అభిమానంతో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న జనం ఇది. వాళ్ళు ఆయన్ను తోరణం కనిపించేవాళ్ళ జాబితాలో చేర్చుకున్నారు.

ఇదే మన్రో మీద ఇంకో కథ కూడా ఉంది. కర్నూలు జిల్లావాళ్ళకు ఇదే ఎక్కువ తెలుసు. మంత్రాలయం మఠం భూముల తగాదా విచారించడానికి కలెక్టరుగా వచ్చిన మన్రో, టోపీ తీసి, బూట్లు విప్పి బృందావనం ముందు నిలబడి ఎవరితోనో మాట్లాడాడని, ఆయనకు రాఘవేంద్రస్వామి కనిపించి బదులు చెప్పారని, పక్కనున్నవాళ్ళకు మాత్రం స్వామి కనపడలేదు, వినపడలేదని అక్కడ చెబుతారు. రెండు కథలకూ కట్టు ఒకటే. చూసేది మన్రో ఒక్కడే.

ఎందుకు మన్రోనే? భక్తుడికి స్వామి కనిపించాడంటే ఎవరూ ఆశ్చర్యపోరు, వానికి కనిపించక ఇంకెవరికి కనిపిస్తాడు అంటారు. శిస్తు లెక్కలు చూసేవాడు, కాగితం లేనిదే మాట నమ్మనివాడు, మన దేవుళ్ళతో ఏ సంబంధమూ లేనివాడు చూశాడంటేనే అది సాక్ష్యం. కథ చెప్పేవాళ్ళ తెలివి ఇక్కడ ఉంది. నమ్మనివాడి నోట పలికిస్తే వినేవాడు నమ్ముతాడు. గోథిక్ కథకులు ఈ ఎత్తును వందసార్లు వేశారు. పో 1839లో రాసిన ‘అషర్ వంశం కూలిన కథ’లో ఆ పాడుబడిన ఇంటికి వచ్చిన స్నేహితుడు చదువుకున్నవాడు, ప్రతి వింతకూ కారణం వెతికేవాడు. అట్లాంటివాడికి కూడా ఆ ఇంట్లో కొన్నాళ్ళుండేసరికి రాత్రి నిద్ర పట్టదు. వాని హేతుబుద్ధి ఒక్కొక్క మెట్టూ దిగుతుంటే మనదీ వెంటే దిగుతుంది.

రవీంద్రుడి ‘క్షుధిత పాషాణం’ కూడా జ్ఞాపకం చేసుకోండి, 1895 నాటిది. రైలు కోసం జంక్షన్లో కాచుకున్న ఇద్దరికి ఒక అపరిచితుడు తన కథ చెబుతాడు. ఆయన ఉద్యోగం పత్తి మీద సుంకం వసూలు. ఇక్కడ కూడా పన్నుల అధికారే! నది ఒడ్డున పాడుబడిన పాలరాతి మహలులో రాత్రిళ్ళు తనకు ఏమేమి జరిగాయో చెబుతూ, అసలు రహస్యం విప్పే చోటికి వచ్చేసరికి రైలొస్తుంది. మొదటి తరగతి పెట్టెలోని ఎవరో దొర ఆయన్ను గుర్తుపట్టి పిలుస్తాడు, ఆయన వెళ్ళిపోతాడు. విన్న ఇద్దరిలో ఒకడు మనల్ని బాగా వెర్రివాళ్ళను చేశాడంటాడు, రెండోవాడు ఒప్పుకోడు, ఆ తగువుతో ఇద్దరికీ జన్మకు సరిపడా చెడుతుంది. కథ చెప్పినవాణ్ణి నమ్మాలా వద్దా అన్న ప్రశ్నను పాఠకుడికి వదిలిపెట్టడమే కాదు, కథలోనే ఇద్దరు మనుషుల్ని విడదీసేలా చేశాడు రవీంద్రుడు. ఇంత తేలికగా, ఇంత పొట్టిగా ఈ పని చేసిన కథ నాకు ఇంకొకటి కనపడలేదు.

ఇక పో. ‘గుట్టు విప్పిన గుండె’ అనుకుందాం, 1843 కథ. ఒకడు మనతో మాట్లాడడం మొదలుపెడతాడు. నాకు పిచ్చి లేదు అంటాడు. అడగకుండానే అంటాడు. అక్కడే మనం సర్దుకుని కూచుంటాం. తనతో ఒకే ఇంట్లో ఉండే ముసలాయన మీద వానికి పగ లేదు, ఆయన సొమ్ము మీద ఆశ లేదు, పైగా ఇష్టమేనంటాడు. ఆయన కన్ను ఒకటి మాత్రం రాబందు కన్నులా ఉండి వీనికి గిట్టదు. అందుకని చంపాలనుకున్నాడు. ఏడు రాత్రులు, సరిగ్గా నడిరేయి, తలుపు కొంచెం కొంచెంగా తోసి, తల లోపల పెట్టడానికే గంట సేపు తీసుకుని, మూసిన లాంతరు నుంచి ఒకే ఒక్క వెలుతురు గీత ఆ కన్ను మీద వేస్తాడు. ఏడు రాత్రులూ కన్ను మూసే ఉంది. కన్ను కనపడకపోతే చంపడానికి చెయ్యి రాదు. ఎనిమిదో రాత్రి లాంతరు రేకు మీద బొటనవేలు జారి చప్పుడవుతుంది, ముసలాయన లేచి కూచుంటాడు. వీడు కదలడు. గంట సేపు కదలడు. చీకట్లో చెవులు రిక్కించి ఇద్దరూ అట్లాగే.

పాఠకుణ్ణి కట్టేసే గంట అది. వీడు ఏం చేయబోతున్నాడో మొదట్లోనే తెలిసింది. రహస్యమేమీ లేదు. అయినా చెమట పడుతుంది. ఉత్కంఠకు రహస్యం అక్కర్లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం వద్దు. ఎప్పుడు అన్న ఒక్క మాట దాచిపెడితే చాలు.

వీని మాటల్లో దేన్ని నమ్మాలి? తలుపు తోసిన తీరు నమ్ముతాం, లాంతరు నమ్ముతాం, చంపి పలకల కింద పూడ్చడం నమ్ముతాం. చేసిన పనులన్నీ నిజమే చెబుతున్నాడు. వాటికి వాడు చెప్పే అర్థమే అడ్డం తిరిగింది. ఇంత జాగ్రత్తగా చేశాను, పిచ్చివాడైతే ఇంత జాగ్రత్త పడతాడా అని వాని వాదం. వాడు తన తెలివికి చూపించే ప్రతి రుజువూ మన కంటికి పిచ్చికి రుజువవుతుంది. చివర పోలీసులు ముగ్గురు వచ్చి కూచుంటే, శవం పూడ్చిన చోటనే తన కుర్చీ వేసుకుని కూచుని, వానికి ఒక్కనికే వినపడే గుండె చప్పుడు భరించలేక తానే ఒప్పేసుకుంటాడు. గండిలో ఒక్కనికే కనపడే తోరణం, ఇక్కడ ఒక్కనికే వినపడే గుండె. అక్కడ పక్కనున్న ముసలాయన అర్థం చెప్పి దాన్ని పుణ్యం చేశాడు. ఇక్కడ అర్థం చెప్పేవాడెవడూ లేడు గనుక నేరం ఒప్పుకోలు అయ్యింది.

ఇట్లాంటివాణ్ణి నమ్మదగని కథకుడు అని వేన్ బూత్ అనే అమెరికన్ విమర్శకుడు 1961లో పేరుపెట్టి శాస్త్రంలోకి ఎక్కించాడు. మన పరీక్ష పేపర్లలో ఆ పేరు వస్తూ ఉంటుంది, పిల్లలు నాలుగు రకాలు, అయిదు లక్షణాలు అని రాస్తుంటారు. ఆ లెక్కల జోలికి నేను పోను. అబద్ధం చెప్పేవాడొకడు, పొరబడినవాడొకడు, చెప్పవలసింది మింగినవాడొకడు అని తెలిస్తే చదవడానికి సరిపోతుంది. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో రాసిన ‘పసుపుపచ్చ గోడకాగితం’లో డాక్టరు భర్త గదిలో పెట్టి విశ్రాంతి తీసుకోమన్న ఇల్లాలు దొంగచాటుగా రాసుకునే రాతల్లో మతి చెదరడం మనకు కనిపిస్తుంది. అయినా ఆ ఇంట్లో నిజం చెబుతున్నది ఆమె ఒక్కతే. హెన్రీ జేమ్స్ 1898 నాటి ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’లో పిల్లల్ని సాకే పంతులమ్మ దయ్యాలను చూసిందా, ఊహించుకుందా అని ఈనాటికీ తేలలేదు. తేలకూడదు కూడా.

మింగినవాడి దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే వాడు మనకు బాగా తెలిసినవాడు. పో 1846లో రాసిన ‘అమోంటిలాడో పీపా’లో మాంట్రెసర్ తన స్నేహితుణ్ణి మంచి మద్యం రుచి చూపిస్తానని నేలమాళిగలోకి తీసుకుపోయి, గొలుసులకు కట్టి, గోడ కట్టేస్తాడు. యాభై ఏళ్ళ తర్వాత ఆ సంగతి చెబుతున్నాడు. వాడు నన్ను అవమానించాడు అన్నది మొదటి మాట. ఏమని అవమానించాడు? కథంతా వెతకండి, ఉండదు. తాపీతో ఒక్కొక్క వరసా ఎట్లా పేర్చాడో చెబుతాడు, కారణం చెప్పడు. మన సీమలో మూడు తరాల పగ ఉన్న ఇంటికి పోయి అడగండి. ఏ కొండపక్కన ఏ జీపును ఎట్లా ఆపారో నిన్న జరిగినట్టు చెబుతారు. మొదట తగాదా ఎందుకొచ్చింది అంటే, ఏదో, చేనిగట్టో, మాటో అంటారు. పో ఆ కథ రాసేటప్పుడు మన ఊళ్ళ పేర్లు కూడా వినివుండడు. అయినా పగ నోరు ఎక్కడ తెరుచుకుంటుందో, ఎక్కడ మూసుకుంటుందో ఆయనకు తెలుసు.

ఇక అయ్యవారి పెట్టెలోని రెండో పుస్తకం. 16వ శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. అంటే ఈ సభకు పక్క ఊరి కావ్యం. ఎనిమిది ఆశ్వాసాలు. పురాణంలో లేని కథను సొంతంగా కల్పించి, తిన్నగా చెప్పకుండా మధ్యలో మొదలుపెట్టి, వెనకదాన్ని దాచి, ముందుదాన్ని ఊరించి నడిపాడు. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో కవిత్వతత్త్వ విచారంలో ఈ కథన నేర్పును చాటి చెప్పేదాకా దాన్ని ప్రబంధాల వరసలో ఒకటిగా చూసినవాళ్ళే ఎక్కువ.

అందులో మణిస్తంభుడనే సిద్ధుడున్నాడు. సింహాన్ని ఎక్కి ఆకాశంలో తిరుగుతాడు. దూరాన జరిగేవి తనకు కనిపిస్తాయి, వినిపిస్తాయి అంటాడు. కలభాషిణి అనే పడుచుకు అవసరమైన వార్తలే చెబుతాడు, నిజమైనవే చెబుతాడు. ఆ నిజాలతోనే ఆమెను నమ్మించి సింహం మీద ఎక్కించుకుని అడవి నడుమ మృగేంద్రవాహన గుడికి చేరుస్తాడు. వాని ఉద్దేశం బలి. అబద్ధాలతో మోసం చేసేవాణ్ణి ఎవరైనా రాస్తారు, నిజాలతో మోసం చేసేవాణ్ణి రాయడానికి సూరన కావాలి. గుడి దగ్గర ఒక ముసలావిడ, సుముఖాసత్తి, కనిపిస్తుంది. పాడు గుడి, కత్తి, బలి, దిక్కులేని పడుచు, అంతా తెలిసిన ముసలమ్మ. హొరేస్ వాల్పోల్ 1764లో తొలి గోథిక్ నవల రాయడానికి రెండు వందల ఏళ్ళ ముందు ఈ సరంజామా అంతా నంద్యాలలో సిద్ధంగా ఉంది.

సరంజామా ఉంటే సరిపోదు, వాడాలి. సూరన వాడిన తీరు చూడండి. రూపాలు మార్చుకున్న ఇద్దరు ఇద్దరినీ మోసగిస్తారు, రంభ ఎవరో, రంభ వేషంలోని కలభాషిణి ఎవరో, నలకూబరుడు ఎవరో, ఆ వేషంలోని మణికంధరుడు ఎవరో కళ్ళతో చూసినవాళ్ళకే తెలియదు. కన్ను నమ్మదగని సాక్షి అయ్యాక మిగిలేది నోరు. చివరికి ఆ నోరు ఎవరిది? మధురలాలస అనే పసిబిడ్డది. ఎదకు హారంలోని మణి తగలగానే పూర్వజన్మ జ్ఞాపకం వచ్చి, ఆ బిడ్డ ముడులన్నీ విప్పి చెబుతుంది. సిద్ధుణ్ణి నమ్మి మోసపోయిన కావ్యంలో నిజం పలికించడానికి కవి ఎంచుకున్నది ఇంకా నడక కూడా రాని బిడ్డను. పైగా ఈ కథంతా జరగడానికి ముందే బ్రహ్మ సరస్వతికి చెప్పేశాడని కావ్యంలోనే తెలుస్తుంది. పాత్రలు తమ ఇష్టం వచ్చినట్టు బతుకుతున్నామనుకుంటూ, ఎవరో ముందే చెప్పిన కథలో నడుస్తున్నాయి. ఇంతకంటే భయపెట్టే ఊహ నాకు పోలోనూ దొరకలేదు. కాకపోతే సూరన భయపెట్టడానికి రాయలేదు, ముచ్చటపడి రాశాడు. పాఠకుడు భయపడితే అది వాని పాట్లు.

మన కాలానికి వద్దాం, తొందరగా. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వారంవారం వచ్చినప్పుడు సీమ ఊళ్ళలో కూడా పత్రిక చేతులు మారేది. పాపకు పట్టింది చేతబడా, వైద్యానికి అందే జబ్బా అన్న రెండు దారులూ తెరిచిపెట్టి నడిపించాడాయన. రంగనాయకమ్మ దాన్ని చీల్చి చెండాడుతూ ఏకంగా పుస్తకమే రాశారు. మూఢనమ్మకాన్ని అమ్ముకోవడం మీద ఆమె కోపం న్యాయమైనది. అయితే ఆ గొడవలో ఒక నష్టం జరిగింది. భయం కథ అంటే మూఢనమ్మకం కథ అని మన సీరియస్ రచయితలు తలుపు మూసేశారు. పోను చూడండి, ‘గుట్టు విప్పిన గుండె’లో దయ్యం ఎక్కడుంది? గోడలో పూడ్చిన కథలో దయ్యం ఎక్కడుంది? ఉన్నది మనిషి, వాని నోరు.

సీమ కథ గురించి ఒక మాట అని ముగిస్తాను. కేతు విశ్వనాథరెడ్డి, సొదుం జయరాం, సింగమనేని నారాయణ, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి, ఇంకా ఎందరో కరువునూ కక్షల్నీ రాశారు. గొప్పగా రాశారు. ఎండిన బావి, అప్పు, వలస, చంపుడు మన కథలోకి వచ్చింది వాళ్ళ చలవే. అయితే నేను చదివినంతలో ఆ కథలు చెప్పే గొంతు దాదాపు ఎప్పుడూ మంచివాడిది, లేదా నష్టపోయినవాడిది, లేదా అన్నీ తెలిసి పక్కన నిలబడినవాడిది. ఆ గొంతును మనం నమ్ముతాం, బాధపడతాం, పుస్తకం మూస్తాం. కొడవలి పట్టినవాడు తానే కూచుని, నా తప్పేముంది చెప్పండి అని మొదలుపెట్టిన కథలు బహు తక్కువ. ఆ పని సాహసం. వానికి గొంతు ఇస్తే వాణ్ణి వెనకేసుకొచ్చారంటారు. పోను ఎవరూ అట్లా అనలేదు, ఎందుకంటే ఆయన కథ చెప్పేవాడు మాట్లాడేకొద్దీ వాడే దొరికిపోయాడు. పెద్దమనిషి గొంతుతో, మర్యాదగా, అన్ని వివరాలతో, కారణం ఒక్కటి మింగి చెప్పే సీమ కథ మనకు బాకీ ఉంది.

ఈ సభలో రాసే పిల్లలు చాలామంది కనపడుతున్నారు. ఆ కథ మీరు రాయండి. రాసేలోపు ఇంకో పని చేయండి. మీ ఊళ్ళో అవ్వల దగ్గర, గుడి పూజారుల దగ్గర, పీర్లచావిడి అరుగు మీద ఇట్లాంటి కథలు ఇంకా ఉన్నాయి. ఫోనులో రికార్డు చేసుకునేటప్పుడు కథ ఒక్కటే పట్టుకోకండి. చెబుతున్నది ఎవరు, ఎవరి దగ్గర విన్నారు, అప్పుడు వాళ్ళ వయసెంత, కథలోని మనిషితో వాళ్ళకు ఏమి చుట్టరికం, ఏ చోట ఆగి నీళ్ళు అడిగారు, ఏ ప్రశ్నకు మాట దాటేశారు, ఇవన్నీ కింద రాసిపెట్టుకోండి. గ్రిబుల్ ఆ ముసలి నౌకరు పేరు రాసి ఉంటే, ఆయన ఏ ఊరివాడో రాసి ఉంటే, ఈరోజు నేను గండి కథ గురించి ఇంకో గంట మాట్లాడేవాణ్ణి.